పంతుళ్ల చేతికి బొమ్మల లాంతరు

బొమ్మలదిబ్బ సంస్థానాన్ని ఏలే జగపతిరాజుగారికి కొత్త వస్తువు కనబడితే ఆ పూట అన్నం సహించదు. ఒకసారి రేవుపట్నం నుంచి వచ్చిన వర్తకుడు ఆయనకు బొమ్మల లాంతరు చూపించాడు. లోపల దీపం, ముందు గాజుకన్ను, మధ్యలో బొమ్మ గీసిన గాజుపలక దూర్చే సందు. గది చీకటి చేసి దీపం వెలిగిస్తే, పలక మీద బొటనవేలంత ఉన్న పులి గోడమీద ఆబోతంత అయి కూర్చుంటుంది.

రాజుగారు ముచ్చటపడి ఎనిమిది కొన్నారు. ఊళ్లో ఉన్న ఏడు బడులకూ ఒక్కొక్కటి, తనకొకటి. తెల్లారేసరికి చాటింపు కూడా వేయించారు. పది రోజుల్లో ప్రతి పంతులూ లాంతరు పెట్టి పాఠం చెప్పాలట. చెప్పలేనివాడు బెత్తం అప్పగించి ఇంటికి పోవాలట.

పంతుళ్లకు నేర్పే పని ఆస్థాన యంత్రపండితుడు భుజంగశర్మ మీద పడింది. లాంతరు గురించి ఆయనకు తెలియనిది లేదు, దాన్ని ముట్టుకోవడం తప్ప. మొదటి రోజు లాంతరులోని ముప్ఫయ్యారు భాగాలకూ ముప్ఫయ్యారు సంస్కృత నామాలు వల్లె వేయించాడు. రెండో రోజు దీపం పేలితే కనుబొమలు ఎలా మాడిపోతాయో వర్ణించాడు. మొరటు చేతులు పడితే పాడవుతాయని ఏడు బడుల లాంతర్లు మాత్రం కొట్లో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆయన బావమరుదులు ముగ్గురు పంతులు ఉద్యోగాల కోసం కాచుకుని ఉన్నారని ఊరంతా ఎరుగుదురు.

మూడో రోజు పొద్దున్నే తాతంభొట్లు పంతులుగారు సన్యాసయ్య ఇంటికి వచ్చారు. సన్యాసయ్య రాజుగారి తాంబూలపు పెట్టె మోసే కొలువుగాడు. ఒకప్పుడు ఈ పంతులుగారి దగ్గరే ఓనమాలు దిద్దాడు. పంతులుగారు బెత్తం అరుగుమీద పెట్టి, దీన్ని నువ్వే రాజుగారికి ఇచ్చెయ్యి అన్నారు.

"నలభై ఏళ్లలో పిల్లల ముందు నాకు తెలియదు అన్న మాట అనలేదు నాయనా. ఇప్పుడు అనలేను."

సన్యాసయ్యకు పంతులుగారి భయం దీపం గురించి కాదని అర్థమైంది. బెత్తం తీసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టి, తన కష్టం చెప్పుకున్నాడు. రాజుగారి లాంతరు వెలిగించే పని తన మెడకు చుట్టుకుందనీ, సాధనకని ఇంటికి తెచ్చుకున్నా తన బుర్రకు అది ఎక్కడం లేదనీ, మధ్యాహ్నం ఏడుగురు పంతుళ్లూ వచ్చి ఒక కన్ను వేస్తే పుణ్యమనీ అన్నాడు.

వచ్చారు. దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. సన్యాసయ్య తలుపులు మూసి, గాజుకన్నును తన వైపు తిప్పుకుని దీపం వెలిగించాడు. పులి వచ్చి అతని బొడ్డు మీద పడింది. తర్వాత పలకను అడ్డంగా దూర్చాడు. తర్వాత పొగగొట్టంలో దూర్చబోయాడు. అంతవరకూ ఓర్చుకున్న తాతంభొట్లుగారు, ఉండరా అని పలక లాక్కున్నారు.

ఇక వాళ్లను ఆపడం ఎవరి తరం కాలేదు. ఒకరు వత్తి సరిచేశారు, ఇంకొకరు గోడకు ఎంత దూరం ఉండాలో అడుగులతో కొలిచారు. బొమ్మ ఎందుకు తిరగబడుతోందని రెండు రోజులు పోట్లాడుకుని, ఆ గుట్టూ పట్టేశారు. ఇంత చెప్పినా తలకెక్కదేమని సన్యాసయ్యను రోజూ వంతులవారీగా తిట్టారు. అతను రోజుకొక కొత్త తప్పు చేశాడు.

పదో రోజున సభామంటపం కిటికీలకు కంబళ్లు కట్టి చీకటి చేశారు. ముందుగా భుజంగశర్మ లేచి, పంతుళ్లకు ఇంత సూక్ష్మ విద్య పట్టుబడలేదనీ, ఎలా చెయ్యాలో తానే చూపిస్తాననీ అన్నాడు. రాజుగారి బొమ్మ ఉన్న పలకను ఎంతో భక్తిగా, నిటారుగా దూర్చాడు.

గోడమీద రాజుగారు తలకిందులుగా ప్రత్యక్షమయ్యారు. కిరీటం నేలమీద, పాదాలు పైకప్పున.

భుజంగశర్మ లాంతరును ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. రాజుగారు కూడా ఎడమకు వెళ్లారు, కుడికి వెళ్లారు, కాళ్లు పైనే. ప్రభువుల దర్శనం ఇలా కావడమే శాస్త్రసమ్మతమని గొణిగాడు. అసలు రాజుగారు తన మొహం చూసుకుందామని మెడ వంచేసరికి తలపాగా జారి ఒళ్లో పడింది.

తాతంభొట్లుగారు కూర్చోలేకపోయారు.

"ఆగవోయ్. పలకనే తలకిందులుగా పెట్టాలి. గాజుకన్ను దాటితే బొమ్మ తిరగబడుతుంది. జరుగు."

జరిపి, పలక తిప్పి పెట్టారు. రాజుగారు కాళ్లమీద నిలబడ్డారు. ఆ ఊపులోనే ఏనుగు పలక పెట్టి పాఠం మొదలెట్టారు. ఆయన వెనుక మిగతా ఆరుగురూ చెప్పారు. ఒక్కరికీ నోరు తడబడలేదు.

ఇదంతా తన శిక్షణ ఫలమేనని భుజంగశర్మ ముందుకొచ్చాడు. పంతుళ్లు ఒప్పుకోలేదు. తాము నేర్చుకున్నది సన్యాసయ్య ఇంట్లోనని చెప్పారు. నేర్పినవాడివి నువ్వేనా అని రాజుగారు సన్యాసయ్యను అడిగారు.

"నేనేమీ నేర్పలేదు ప్రభూ. రోజూ తప్పు చేశాను. తప్పు చూసి ఊరుకునే పంతులు మన ఊళ్లో లేడు."

రాజుగారు పకపకా నవ్వారు. సభంతా గొల్లుమంది. భుజంగశర్మ పదిరోజులు తాతంభొట్లుగారి బడిలో నేలమీద కూర్చుని లాంతరు నేర్చుకోవాలని ఆజ్ఞ అయింది.

తాతంభొట్లుగారికి మాత్రం సంగతి అప్పుడు వెలిగింది. తిన్నగా వచ్చి నిండు సభలో సన్యాసయ్య చెవి పట్టుకుని మెలేశారు. రాజుగారు చేతి కడియం తీసి ఇస్తే, సన్యాసయ్య చెవి విడిపించుకోకుండానే వంగి అందుకున్నాడు.