సోంబారి పాదాలకు తెలిసింది

అనగనగా, మబ్బులు గుమ్మం దాకా వచ్చిపోయే ఒక కొండ ఊళ్ళో సోంబారి అనే ఆవిడ ఉండేది, బంగారూ. థింసా ఆటలో ఆడవాళ్ళంతా ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా అడుగులేస్తారు చూడు, ఆ వరసకు ముందుండేది ఈవిడే. ఏభై ఏళ్ళుగా ఊరి నడిమి వాకిట్లోనే ఆడింది.

ఆ ఏడు వాన వదల్లేదు. పగలంతా చోడిచేలో, అదే రాగిచేలో, కలుపు తీసి తీసి సోంబారి నడుము పడిపోయేది. ఒకరోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. అప్పుడు జనం డప్పులు తీశారు. "ఓపిక లేదర్రా" అంటూనే లేచింది పాపం.

మొదటి అడుగు వేసింది. నేల ఎప్పటిలా గట్టిగా పలకలేదు, నీళ్ళు తాగిన చెక్కలా మెత్తగా పలికింది. ఒళ్ళు అలిసి అలా ఉందేమో అనుకుంది.

ఆ తర్వాత వరస ఒక చుట్టు తిరిగింది. ఎన్నడూ లేనిది మడమ పల్లం వైపు జారింది. వయసు మీద పడింది కదా అనుకుంది.

మూడోసారి డప్పు ఆపించి, కళ్ళు మూసుకుని ఊరికే నిలబడింది. అరికాళ్ళ కింద నేల సన్నగా వణికింది. ఆ వణుకు మోకాళ్ళ దాకా పాకింది.

అప్పుడు ఊరి పెద్ద గాసితో అంది, "కొండ కదులుతోంది. అందరం అవతలి రాతిగట్టు మీదకి పోదాం."

"అలిసిపోయావప్పా, పోయి పడుకో," అన్నాడు గాసి. అక్కడ అప్ప అంటే అక్క.

సోంబారికి వాదించే ఓపిక కూడా లేదు. "చెప్పులు విప్పి నా పక్కన నిలబడు," అంది, అంతే.

గాసి నిలబడ్డాడు. కాసేపటికి అతని ముఖం పాలిపోయింది. అతనే చెయ్యెత్తి జనాన్ని కేకేశాడు.

ఆ తర్వాత పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్ళని మోసుకుని, మేకల్ని తోలుకుని గట్టెక్కారు. పొద్దు వాలకముందే కొండచరియ విరిగింది. ఇళ్ళు, చోడిచేలు, ఆడిన వాకిలి, అన్నీ బురదలో కలిసిపోయాయి. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు.

కొందరు ఏడ్చారు. కొందరు సోంబారికి దండం పెట్టారు. "బతికాం కదా, ఒక్క అడుగు వెయ్యవే" అన్నారు ఇంకొందరు.

"ఇవాళ కాదర్రా," అంది. ఏభై ఏళ్ళు తనని మోసిన నేల ఇక లేదు మరి. ఆ రాతి మీదే ఒరిగి, చెంప ఆనించి చూసింది. కింద ఏ కదలికా లేదు. అప్పుడు నిద్రపోయింది. గాసి పెళ్ళాం ఆ బురద కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ లేచేదాకా ఒత్తుతూనే ఉంది.

కథేమో కంచి దారి పట్టింది,
కాళ్ళకేమో కునుకు పట్టింది.
మనం ఇంట్లోనే ఉన్నాం, ఇక బజ్జో.