కళ్ళు మూసుకుని విన్న కాపలాకుక్క

గోదావరి లంకలో ఒక అరటితోట. తోట మధ్య రైతు ఇల్లు, ఇంటి పక్కన పశువులపాక, చుట్టూ ముళ్ళకంచె. ఆ ఏడు టీవీవాళ్ళెవరో పట్నంలో జరిగే సంగీతోత్సవాలను రోజూ సాయంత్రం చూపించడం మొదలుపెట్టారు. రైతుగారి అత్తగారికి చెవుడు కాస్త ఎక్కువ, సంగీతం పిచ్చి ఇంకాస్త ఎక్కువ. ఆవిడ పాకకు ఎదురుగా వరండాలో టీవీ పెట్టుకుని శబ్దం పెంచిందంటే పాకలోవాళ్ళకు కచేరీ ఉచితం.

ఆ పాకకు కాపలా బూచి అనే కుక్క. మంచివాడే గాని, నలుగురిలో తక్కువైపోతానేమోనని ఒకటే బెంగ. ఆ బెంగ ఎంతటివాణ్ణయినా వెర్రివాణ్ణి చేస్తుంది.

మొదటి కచేరీ అయ్యాక ఎవరికి తోచిన అభిప్రాయం వాళ్ళు చెప్పారు.

“పెద్దాయన తొందరపడడర్రా. చాలు తప్పకుండా దున్నినట్టు పాడాడు,” అన్నాడు ముసలి ఎద్దు మైలయ్య.

“మృదంగమాయన వేళ్ళు చూశారా? నేను గింజలేరుకున్నట్టే టకటకా!” అంది చుక్కలపెట్ట, పొదుగు గంపలోంచి తల బయటపెట్టి.

“ఆ వయొలిన్ వింటుంటే నాకు గొంతెత్తి ఊళ పెట్టాలనిపించింది తాతా,” అన్నాడు బూచి.

కంచె అవతల ఎవరో పకపకా నవ్వారు. చూస్తే నక్కరాయుడు.

“ఊళా! శివశివా! అదేం అభిప్రాయం అబ్బాయ్? నేను పట్నంలో సంగీతసభ పెరట్లో పెరిగినవాణ్ణి, నన్నడుగు.” పెరిగినమాట నిజమే, క్యాంటీన్ విస్తళ్ళ దగ్గర. “టీవీలో ముందువరసవాళ్ళను చూశావా? ఒక్కడైనా కళ్ళు తెరిచాడా? రసికుడు కళ్ళు మూసుకుని తలూపుతాడు. నోరు తెరుచుకుని చూసేవాడు తిరనాళ్ళకొచ్చినవాడు.”

“పాట తీపి పశువుకు కూడా తెలుస్తుందన్నారు పెద్దలు. నక్కకు తెలుస్తుందని మాత్రం ఎక్కడా అన్లేదు,” అని గొణిగాడు మైలయ్య. బూచి వినిపించుకోలేదు. మొద్దు అనిపించుకోవడం కన్నా చావు మేలనుకున్నాడు.

మర్నాడు కచేరీ మొదలవగానే కళ్ళు గట్టిగా మూసుకుని తలూపసాగాడు. పాట ఒక్క ముక్క చెవికెక్కలేదు. తాను రసికుడిలా కనిపిస్తున్నాడా, తల మరీ ఎక్కువగా ఊగుతోందా, అంతసేపూ ఇదే గోల. పెట్ట మేతకు దిగి తిరిగొచ్చేసరికి గంపలో గుడ్లు తగ్గాయి.

“బూచీ, నా గుడ్లేవిరా?” అని బావురుమంది పెట్ట. “నువ్వున్నావన్న ధైర్యంతోనే కదరా దిగాను! రేపో మాపో పిల్లలయ్యేవి. మిగిలినవి కూడా పోతే నేనిక బతకను.”

బూచికి తల కొట్టేసినట్టయింది.

“పిల్లి పనే అయ్యుంటుంది పాపం,” అన్నాడు నక్కరాయుడు కంచె అవతల మూతి నాక్కుంటూ. “అది సరేగాని అబ్బాయ్, ఇవాళ నిన్ను చూస్తే ముచ్చటేసింది. అచ్చం ముందువరస మనిషివే!”

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. దొరగారు తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

“రేపు కళ్ళు మూస్తే ఒట్టు తాతా. మొద్దునంటే అననీ,” అన్నాడు బూచి ఏడుపుగొంతుతో.

“మూసుకుంటే తప్పేం లేదురా,” అన్నాడు మైలయ్య నెమరు ఆపి. “నువ్వసలు విన్నదెక్కడ?”

ఆ మర్నాడు బూచి గంపకు నాలుగు బారల దూరంలో కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు. పెట్ట భయపడుతూనే మేతకు దిగింది. టీవీలో ఒక ముసలావిడ వయొలిన్ అందుకుంది. ఆ రాగం మెల్లగా సాగి, బూచి గుండెలో ఎక్కడో తగిలింది. ఒట్టు సంగతి మరిచిపోయాడు, ఎవరు చూస్తున్నారన్నదీ మరిచిపోయాడు. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

తీరా మూతపడ్డాక అన్నీ వినిపించసాగాయి. కమాను తీగ మీద వాలడం, మృదంగం వచ్చి కలవడం, మైలయ్య నెమరు. వాటి మధ్యలో ఎండిన అరటాకు మీద ఒక అడుగు. మృదంగం దెబ్బ పడి ఆగాక పడింది. ఇంకో అడుగు దెబ్బకు ముందే పడింది. పాటలో ఎక్కడా ఇమడని చప్పుడది, గంపవైపే వస్తోంది.

బూచి కళ్ళు తెరవలేదు. తల కూడా ఊపుతూనే ఉన్నాడు. అడుగులు ఆగి గంప కిర్రుమన్నాక ఒక్క దూకు దూకి, నక్కరాయుడి మెడ మీద కాలేసి తొక్కాడు.

“కళ్ళు మూసుకునే ఉన్నావు కదరా! నేనెలా కనిపించాను?” అన్నాడు నక్కరాయుడు గిలగిల్లాడుతూ.

“కనిపించలేదు మామా. ఆవిడ పాట వింటుంటే నీ అడుగులూ వినిపించాయి. అన్నేళ్ళు సభ పెరట్లో పెరిగావు, వాళ్ళు కళ్ళెందుకు మూసుకుంటారో ఒక్కనాడూ కనుక్కోలేదా?”

నక్కరాయుడు పెనుగులాడి తప్పించుకుని కంచెలో దూరాడు. సగం తోక ముళ్ళకే మిగిలింది. పెట్ట పరుగున వచ్చి గుడ్లను రెక్కల కింద సర్దుకుని, బూచివైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

“ఇంతకీ కచేరీ ఎలా ఉందిరా?” అనడిగాడు మైలయ్య.

“చాలా బాగుంది తాతా. మధ్యలో లేవాల్సొచ్చింది, అదొక్కటే బాధ.”

కళ్ళు మూసుకున్నవాడల్లా ఏమరుపాటుగా ఉన్నాడనుకున్న దొంగకు తోక దక్కదు.