మూడుకాళ్ల వాళ్ల బుట్ట

ఒకప్పుడు మన ఒంట్లోని కణమ్మ ఇంటికి తలుపు బార్లా తెరిచే ఉండేది. తీపి వచ్చినా, ఇనుము వచ్చినా తిన్నగా లోపలికి నడిచిపోవడమే. ఎవరు నువ్వని అడిగే దిక్కే లేదు.

ఒకనాడు ఇనుప రవ్వ వెనకాల నక్కి ఒక విషపు చుక్క లోపలికి దూరింది. నడింట్లో పడుకున్న కణమ్మ బిడ్డ, చిన్నారి గింజ, ఒక పక్కంతా కమిలిపోయింది.

కణమ్మకి ఒళ్లు మండిపోయింది. తలుపు ధడాలున మూసి, ఆనవాలు కూడా లేకుండా పూడ్చేసింది. ఇంటిని చుట్టుకుని ఉన్న పొరని పిలిచి, ఎవరినైనా రానిచ్చావంటే నిలువునా చీల్చేస్తానంది.

విషం రాలేదు. తిండీ రాలేదు. గింజ ఆకలికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది.

పొర కింద మూడుకాళ్ల వాళ్లు కాపురముండేవారు. కణమ్మ ఎప్పుడూ వాళ్లని కుంటివాళ్లని వెక్కిరించడమే. ఇప్పుడు గతిలేక వాళ్ల పెద్ద ముక్కాలమ్మ దగ్గరికే వెళ్లింది.

ముక్కాలమ్మ మొహం చిటపటలాడింది. "నీ మొహం చూసి కాదు, పసిదాన్ని చూసి చేస్తున్నాం. మా కాళ్లే మాకు బుట్టల్లే వెదురు బద్దలు. ఒకరి కాళ్లు ఒకరం పెనవేసుకుని బుట్టవుతాం. సరుకు లోపలికి రాగానే మమ్మల్ని విడిపించాలి" అంది.

కణమ్మ సరేనని మాటిచ్చి, ఇనుమునొక్కదాన్నే పట్టమని పొరకి చెప్పింది. పొర బయటికి చేతులు చాచి, వెతికి వెతికి ఇనుమునే పట్టుకుంది. కింద మూడుకాళ్ల వాళ్లు కాళ్లు పెనవేసి లాగారు. పొర గుంటపడింది, గుండ్రంగా వంగింది, ఆ వంగిన ముక్క ఇనుముతో సహా తెగి మూటై లోపలికొచ్చింది. చుట్టూ గట్టి బుట్ట.

ఆ గట్టిదనం చూసి కణమ్మకి దురాశ పుట్టింది. ఇది ఉంటే విషం భయముండదని బుట్టని విప్పనే లేదు. ఇచ్చిన మాట గాలికి పోయింది. మూటేమో ఎంత గుద్దినా తెరుచుకోలేదు. కణమ్మ బుట్టని పట్టుకుని తిట్టిపోసింది.

బుట్ట అల్లికలోంచి ముక్కాలమ్మ పళ్లు కొరికింది. "మేం చుట్టుకుని ఉన్నంతసేపూ మూట తెరుచుకోదు. ఇవాళ నీ బిడ్డని చంపుతున్నది విషం కాదు. నువ్వు."

కణమ్మ తన మీద తనకే పుట్టిన కోపంతో బుట్టని రెండు చేతులా పీకేసింది. మూట తెరుచుకుంది. గింజ ఇనుము తిని కళ్లు తెరిచింది. మూడుకాళ్ల వాళ్లు మాత్రం కణమ్మ వైపు చూడకుండా పొర దగ్గరికి వెళ్లిపోయారు.

అప్పటినుంచే కణం ఇనుము లాంటి తిండి లోపలికి తెచ్చుకోవాలంటే పొర గుంటపడుతుంది, దాని చుట్టూ బుట్ట అల్లుకుంటుంది. మూట లోపలికి రాగానే ఆ బుట్ట విడిపోతుంది. మూడుకాళ్ల వాళ్లకి కణమ్మ మీద కోపం ఇవాళ్టికీ తగ్గలేదు, పసిదాని తిండి మాత్రం ఒక్క పూటా ఆపలేదు.