మూల నుంచి మూలకు పందొమ్మిది మూరలు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణమల్లుడు తుమ్మితే మూడు బురుజులు కూలేవి. తగ్గించి చెబుతున్నాను, నాలుగు కూలేవి. నడిమివాడు గజమల్లుడు. చిన్నవాడు సోమాంకుడు మాత్రం ఆ బురుజులు తిరిగి కట్టే తాపీవాళ్ల దగ్గర కూర్చునేవాడు. ఆ రాజ్యంలో పెద్దవాడు ఉండగా చిన్నవాడు సభలో నోరు విప్పకూడదు.

ధూమ్రదంతుడనే మాంత్రికుడు పొరుగు రాజ్యపు రాకుమారి హేమలేఖను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. తెచ్చినవాడికే ఆమె, వాడికే సింహాసనం అన్నాడు రాజు. పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. నడిమివాడు వెళ్లాడు, రాలేదు. సోమాంకుడు ఏడు సముద్రాలూ ఒంటిచేత్తో ఈదాడు.

అవతల పొడవాటి గది. నాలుగు మూలలూ మూలమట్టం పెట్టి కట్టినట్టు సరిగ్గా ఉన్నాయి, నేలంతా నిప్పు. ఎదుటి మూల పంజరంలో చిలుక, చిలుకలో మాంత్రికుడి ప్రాణం. ఈ మూల గుమ్మంలో రాళ్లయిపోయిన అన్నలు.

"ఎన్ని మూరలు అడిగితే అంత వంతెన వస్తుంది బాబూ," అంది గోడమీది బల్లి. "ఒక్క మూర తప్పినా మీరూ రాయే. ఈ మూల నుంచి ఐమూలగా చిలుక మూలకు మూడు గడలు, పైన నాలుగు మూరలు. మిగిలిన రెండు మూలల మధ్య ఐదు గడలు, అందులో ఆరు మూరలు తక్కువ. కొలిచే గడ ఎన్ని మూరలో నాకు తెలీదు."

"మా అన్నలు ఎంతన్నారు?"

"పెద్దాయన వెయ్యి అన్నాడు. రెండో ఆయన అన్నగారిని మించకూడదని ఒకటి తగ్గించాడు."

సోమాంకుడు నవ్వలేదు. "గది మూలలు మట్టంగా ఉంటే మూల నుంచి ఎదుటి మూలకు ఎటు తాడు లాగినా ఒకటే పొడవు. తాపీవాళ్లు అలాగే సరిచూస్తారు. కాబట్టి నీ రెండు లెక్కలూ సమానం. రెండు పక్కలా ఆరు మూరలు కలుపు. మూడు గడలూ పది మూరలూ కలిస్తే ఐదు గడలు. రెండు పక్కలా మూడు గడలు తీసెయ్యి. పది మూరలంటే రెండు గడలు. గడ ఐదు మూరలు."

"అయితే వంతెన?"

"మూడైదులు పదిహేను, నాలుగు కలిపితే పందొమ్మిది. అటు చూసినా ఇరవై ఐదులో ఆరు పోతే పందొమ్మిదే."

వంతెన పరుచుకుంది. చిలుక మెడ విరిగింది. మాంత్రికుడు కూలిన చప్పుడుకు చంద్రుడు జారి మూడు రోజులు వంకరగా తిరిగాడు. హేమలేఖకు చెర వీడింది.

"పంజరంలోని నీళ్లు చల్లితే మీ అన్నలు లేస్తారు," అంది బల్లి. "చల్లకండి బాబూ. రాళ్లు అబద్ధమాడవు."

"అన్నలు కదా," అని చల్లాడు.

సభలో రణమల్లుడు, "ఒక్క వేటుకు మాంత్రికుణ్ణి మూడు ముక్కలు చేశాను," అన్నాడు. గజమల్లుడు తలూపాడు.

"మహారాజా, నన్ను విడిపించింది ఈ చిన్నాయన. అడగండి," అంది హేమలేఖ.

"పెద్దవాడు నిలబడి ఉన్నాడమ్మా," అన్నాడు రాజు. "చిన్నవాణ్ణి ఎలా అడగను?"

పెళ్లి పదహారు రోజులు జరిగింది. పప్పు గంగాళాల్లో ఏనుగులు ఈదాయి. రణమల్లుడు హేమలేఖతో అరవై ఏళ్లు చల్లగా ఏలాడు. ఆ అరవై ఏళ్లూ సోమాంకుడు రోజూ సభకు వచ్చి, అన్న వెనక నిలబడి, ఏమీ మాట్లాడకుండా ఇంటికి పోయాడు.