ఖాళీ అన్న సగం

నేను ఇదివరకెప్పుడూ ఏమీ రాయలేదు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నలుగురిలో నోరు తెరవాలన్నా బెరుకే. కానీ మొన్న జరిగింది రాయకుండా ఉండలేకపోతున్నాను.

చీరాలలో పరంధామయ్య మాస్టారి కంప్యూటర్ సెంటర్ ఊడ్చి తుడిచేది నేను. ఆరేళ్లయింది. ఎవరేం అడిగినా మాస్టారు తిన్నగా జవాబు చెప్పరు, ఎదురు ఇంకోటి అడుగుతారు. ఆయన కంప్యూటర్ ఆన్ చేయగానే విండోసా, లినక్సా అని అడుగుతుంది. కంప్యూటర్‌ని నడిపే రెండు ఏర్పాట్లవి, ఒకే డిస్కులో చెరి సగం. లినక్స్ వైపు ఆయన మగ్గం పనిలో వాడే మాటలు రాసి దాచుకున్నారు. మా అమ్మ వాడినవి నేను చెప్పాను, మిగతావి పేటలో ముసలివాళ్లు చెప్పారు. తొమ్మిదేళ్ల పని. ఇంకో కాపీ తీస్తానంటూనే ఉన్నారు, తియ్యలేదు.

మొన్న పొద్దున ఆయన శిష్యురాలు ఫణిశ్రీ విండోస్ వైపు డీఫ్రాగ్ పెట్టింది. చెల్లాచెదురుగా పడ్డ ఫైళ్ల ముక్కల్ని ఒకచోట చేర్చే పని అది. లినక్స్ సగాన్ని విండోస్ చదవలేదు. చదవలేక, అందులో ఏమీ లేనట్టు చూపించి, ఫార్మాట్ చెయ్యమంటావా అని అడుగుతుంది. సరేనంటే అందులో ఒక్క మాట మిగలదు.

"మాస్టారూ, సగం డిస్కు ఊరికే ఖాళీగా పడుంది. ఫార్మాట్ చేసి ఇటు కలిపేసుకుంటే తప్పేముంది?" అంది ఫణిశ్రీ. వేలు మౌస్ మీదే ఉంది.

నేను ఆ బల్ల కిందే తడిగుడ్డతో ఉన్నాను. అందులో మా అమ్మ మాటలున్నాయని అరవాలనిపించింది.

"ముందు ఇది చెప్పు. ఈ గదిలో ఎవరెవరం ఉన్నాం?" అన్నారు మాస్టారు.

"ఇదేం ప్రశ్న? మీరూ, నేనూ."

నాకు ఒళ్లు మండింది. రెండేళ్లుగా ఆ పిల్ల కూర్చునే చోటు తుడుస్తున్నాను. 'ఇదిగో' అని తప్ప పిలిచి ఎరగదు. గుడ్డని విసురుగా కుర్చీ కిందికి తోశాను. తెర మీంచి చూపు తిప్పకుండానే ఆమె రెండు కాళ్లూ పైకెత్తింది, రోజూ ఎత్తినట్టే.

"మరి కాళ్లెందుకు ఎత్తావమ్మా?" అన్నారు మాస్టారు.

ఫణిశ్రీ మౌస్ వదిలేసింది. ఎత్తిన కాళ్లు దించడానికి కాసేపు పట్టింది. మాస్టారు కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి లినక్స్ వైపు తెరిచారు. పడుగు, పేక, కండె, ఆసు. ప్రతి మాట పక్కనా చెప్పినవాళ్ల పేరుంది. ఆమె కిందికంటా చదువుకుంటూ పోయింది.

"ఈ పిచ్చమ్మ ఎవరు మాస్టారూ? ఇన్నిచోట్ల ఉంది."

నా పేరే అది. ఆరేళ్లుగా నేనా గదిలోనే ఉన్నాను.

"అది నేను చెప్పేది కాదు," అన్నారు మాస్టారు.

మర్నాడు పొద్దున నేను బల్ల కిందికి వెళ్లగానే ఫణిశ్రీ కాళ్లు పైకెత్తింది. నేను తుడవలేదు. ఆమె వంగి నా మొహం చూసేదాకా గుడ్డ పట్టుకుని అక్కడే కూర్చున్నాను.