ఓదవ్వకు పాటలు రావు

రాజేశం సార్‌ను ఏదైనా అడిగితే ఆ పూట జవాబు రాదని వ్యవసాయ కళాశాలలో అందరికీ తెలుసు. అయినా ఆయన శిష్యురాలు స్వరూప ఆగలేక, సార్ గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఓదవ్వ అనే రైతు పొలంలో ఆర్సెనిక్ విషం ఉంది. అందులో వరికి అందేది ఎంతో తేల్చడమే స్వరూప పరిశోధన. మట్టిని పరీక్షిస్తే అందేది లేనట్టేనని వచ్చింది. పోయిన పంట బియ్యంలో మాత్రం విషం దండిగా తేలింది. అక్కడ నారు ముదిరిపోతోంది. నాటెయ్యాలో వద్దో ఈ పిల్ల చెబుతుందని ఓదవ్వ కాచుకుని ఉంది.

“మట్టి అబద్ధమాడుతున్నదా సార్, బియ్యమా?”

మట్టిని ఎలా తెచ్చావని సార్ అడిగారు. పద్ధతి ప్రకారమే, నీడలో బాగా ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టానంది. ఆ మాట విని ఆయన, ఓదవ్వ నాట్లేసేటప్పటి పాటలు బాగా పాడుతుందట, రేపు పిలిస్తే విందామన్నారు. నారు ముదిరిపోతుంటే ఈయనకు పాటలు కావలసి వచ్చాయా అని స్వరూపకు ఒళ్లు మండింది.

ఓదవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ప్రయోగశాలలో ఫ్యాను కింద కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, అందరూ చుట్టూ చేరారు. ఆమె గొంతు సవరించుకుని ఒక పాట ఎత్తుకుంది, సగంలోనే మరిచిపోయింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది.

“చెప్పులేసుకోని పాడుడు నాతోని కాదు బిడ్డా.”

“రాసుకో స్వరూపా, ఓదవ్వకు పాటలు రావు” అన్నారు సార్. స్వరూప మొహం మాడ్చుకుంది.

మర్నాడు ముగ్గురూ ఓదవ్వ ఊరికి వెళ్లారు. పక్క పొలంలో నాట్లు పడుతున్నాయి. చూస్తూ నిలబడటం ఓదవ్వ వల్ల కాలేదు. చెప్పులు గట్టు మీద వదిలి, చీర ఎగదోపి బురదలోకి దిగింది. నాలుగు మొక్కలు నాటిందో లేదో పాట దానంతటదే వచ్చింది, దాని వెనకే ఇంకొకటి. తోటి ఆడవాళ్లు అందుకునేసరికి మడి మడంతా హోరెత్తిపోయింది. గట్టు మీద స్వరూప పకపకా నవ్వింది, నవ్వుతూనే ఠక్కున ఆగిపోయింది. తను అంత శ్రద్ధగా ఆరబెట్టిన మట్టి గుర్తొచ్చింది.

వెంటనే స్వరూప ఓదవ్వ మడిలోకి దిగి, నీళ్ల కిందే డబ్బా నిండా బురద పట్టి, గాలి చొరకుండా మూత బిగించింది. తడిగానే పరీక్షిస్తే విషం బయటపడింది. నీళ్లు నిలిచి ఉన్నప్పుడు మట్టిలోని ఇనుము విషాన్ని వదిలేస్తుంది, ఆరి గాలి తగిలితే మళ్లీ పట్టేసుకుంటుంది. ఇంకేం, నాటెయ్యమని కబురు చేసింది. కాకపోతే నీళ్లు ఎప్పుడూ నిలవనీయకుండా, మధ్యమధ్య మడిని ఆరనిస్తూ పెంచమంది. ఆ పంట బియ్యం పరీక్షలో నెగ్గాయి. ఓదవ్వ వాటితోనే పరమాన్నం వండి ఇద్దరినీ పిలిచింది. స్వరూప సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

విస్తరి ముందు కూర్చున్నాక, అడిగిన రోజే చెబితే అయిపోయేది కదా సార్ అని నిష్ఠూరమాడింది.

సార్ పరమాన్నం జుర్రుకుని తీరిగ్గా అన్నారు:

“చెప్పేటోణ్ణే. నువ్వు కుర్చీల కూసోని అడిగినవ్.”