సన్నెమ్మ మూడో మాట

వరాలుకి చిక్కంతా ఒక్క గీత దగ్గరే వచ్చిపడింది.

చీపురుపల్లిలో ఆమెకి చిన్న కంప్యూటర్ షాపు. పాత గ్రామఫోను రికార్డులు, అరిగిన కేసెట్లు తెచ్చిస్తే కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తుంది. పాడేవాళ్ళు ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా పోనివ్వదని పేరు. సాయంత్రమైతే షట్టరు దించేసి తవుడమ్మ ఇంటికి పోతుంది, జముకు వాయిస్తూ పాడే జముకుల కథ నేర్చుకోడానికి. తీగ లాగి జముకు వాయించడం వచ్చేసింది. పాట దగ్గరే ఆగిపోయింది. మెడకి ఆపరేషనయ్యాక తవుడమ్మ మాట్లాడగలదు గానీ పాడలేదు మరి.

ఆవిడ పాడిన సన్నెమ్మ కథకి ఒకే ఒక్క రికార్డు మిగిలింది. ఎప్పుడో మద్రాసు నుంచి కంపెనీ వాళ్ళొచ్చి రికార్డు చేసుకెళ్ళిన పాట. ఇకమీదట ఎవరు నేర్చుకున్నా అది విని నేర్చుకోవాల్సిందే.

కథ చిన్నదే. మొగుడు పోయిన సన్నెమ్మ ఇంట్లో విత్తనాల బుట్ట తప్ప ఇంకేమీ లేదు. శిస్తు కింద అది కూడా ఇమ్మని రాజుగారి భటులు వస్తారు. మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ "ఇవ్వను" అంటుంది. మూడోసారికి గుర్రాలు వెనక్కి తిరుగుతాయి.

సరిగ్గా ఆ మూడో "ఇవ్వను" మీద పడింది గీత. ఏ పెళ్ళిపందిట్లోనో ఎవరో సూది జార్చేసి ఉంటారు. వరాలు రికార్డుని సబ్బునీళ్ళతో కడిగింది, మెత్తటి గుడ్డతో అద్దింది, కొత్త సూది వేసింది. ఏం చేసినా సూది అక్కడికి రాగానే ఎగిరి పక్క చరణంలో పడుతుంది.

ఆఖరికి ఒక ఉపాయం చేసింది. మొదటి "ఇవ్వను"ని కంప్యూటర్లో కత్తిరించి తెచ్చి మూడోదాని చోట అతికించేసింది. మళ్ళీ మళ్ళీ విన్నా అతుకు ఎక్కడుందో తనకే దొరకలేదు. ఇంకేముంది, లాప్‌టాపూ మైకూ ఉన్న సంచీ, రికార్డూ చంకనెట్టుకుని గురువుగారింటికి ఒకటే పరుగు.

తవుడమ్మ వాకిట్లో పొయ్యి పక్కన కూచుని చింతపండులో గింజలు తీస్తోంది. పాట విన్నంతసేపూ తలెత్తలేదు. మూడో "ఇవ్వను" దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"ఎవులే అది?"

"అదేంటమ్మా, మీరే గదా!"

"నాను కాదు. మొదటిసారి దణ్ణమెట్టి అన్నాను. మూడోసారి కూడా ఆ యెదవలకి దణ్ణమెట్టానా?"

వరాలు మొహం మాడిపోయింది. గీత సంగతీ అతుకు సంగతీ చెప్పేసింది. "మాట అదేనమ్మా. వరస కూడా అదే. ఎవరికి తెలుస్తుంది?" అంది.

"నాకు తెలిసింది గదే."

"మరి అక్కడేం పెట్టమంటారో మీరే చెప్పండి. బొక్క వదిలేసి ఊరుకోనా?"

ఆవిడ చింతపండు పక్కకి నెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఆ రికార్డు ఇలా తే."

"ఎందుకమ్మా?"

"పొయ్యిలోకి. పాటంతా నీ కంప్యూటర్లో ఎక్కేసింది గదా, ఇంక దీంతో పనేటి?"

వరాలు నవ్వింది. చేతులు జోడించింది. "ఇవ్వనమ్మా. వేళాకోళం ఆడకండి, మీకు దణ్ణం పెడతాను."

తవుడమ్మ లేచింది. ఉడుకుతున్న అన్నం గిన్నె దించి పక్కన పెట్టింది. కింద మంట భగ్గుమంది.

"తే."

అప్పుడు భయమేసింది వరాలుకి. కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. "ఇవ్వనమ్మా... ఇది కాల్చేస్తే మీ అసలు గొంతు ఇంకెక్కడుంది?"

"గొంతు నాది. పాట నాది. మద్దిన నువ్వెవర్తివే?"

అంటూనే రికార్డు అంచు పట్టుకుని లాగింది. ముసలిదైతేనేం, ఏళ్ళ తరబడి జముకు తీగ లాగిన చెయ్యి. ఉడుంపట్టు. అట్ట చిరిగింది. నల్లటి రికార్డు సగం బయటికొచ్చింది. దాని మీద మంట మెరిసింది.

"ఇవ్వను!"

గురువుగారి ముందు గట్టిగా దగ్గి కూడా ఎరగని మనిషి వరాలు. ఆ కేక ఎక్కణ్ణించి లేచిందో ఏమో. గోడ మీది కోడి ఎగిరి వీధిలో పడింది. పక్కింటి సింహాలమ్మ చేట పట్టుకునే పరిగెత్తుకొచ్చి, "ఏటైందే? దొంగోడా?" అంది.

వరాలు ఆవిడ వైపు చూడనైనా చూడలేదు. రికార్డుని గుండెకి అదుముకుని, పాదాలు నేలకి తన్నిపెట్టి, గురువు కళ్ళలోకే చూస్తూ నిలబడింది. కన్నీళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో ఆగిపోయాయి. తప్పయిందనలేదు. కాళ్ళు పట్టుకోలేదు. ఇంకోసారి చెయ్యి వేస్తే గురువనైనా చూసేటట్టు లేదు.

తవుడమ్మ చెయ్యి వదిలేసింది. అన్నం గిన్నె మళ్ళీ పొయ్యెక్కించింది. వెళ్ళి చింతపండు ముందు చతికిలబడింది.

"సింహాలూ, అలా కూకో. చప్పుడు సెయ్యకు" అంది.

తర్వాత వరాలు కేసి తిరిగింది.

"ఆ అతుకు పీకేసి, మైకు నీ ముందెట్టుకో."